కపిల బావుల గొంతులు పట్టిన రోజులు

ఈమధ్య మా పాత సంస్థలో కొత్తగా చేరిన ముగ్గురు పిల్లలు నన్ను చూడడానికి మదనపల్లెకు వచ్చారు. ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. కాఫీ తాగుతూ వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, అప్పట్లో మీరు ఏ మెషీను వాడేవాళ్లు?" అని. ఉత్సాహంగానే చెప్పాను. పెద్ద చక్రాల టేపురికార్డరు. భుజానికి తగిలించుకుంటే ఒక పక్కకు ఒరిగి నడవాల్సి వచ్చేది. బ్యాటరీలే ఒక సంచి నిండా ఉండేవి. వాళ్లు నవ్వారు. ఇప్పుడు అదంతా వాళ్ల జేబులో పడుతుంది.

వాళ్లు వెళ్లిపోయాక నాకేదో వెలితిగా అనిపించింది. మెషీను గురించి చెప్పాను గానీ పని గురించి చెప్పలేదు. మనుషుల గొంతులు దాచిపెట్టే ఉద్యోగంలో చేరేవాళ్లకు తెలియాల్సింది వేరే ఉంది. అది నాకు నేర్పినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అందుకే గుర్తున్నంతవరకు రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఆఫీసు తగాదాలు వదిలేస్తున్నాను. వాటిలో నేర్చుకోవలసింది నాకేమీ కనబడలేదు.

ఆపరేషనమ్మ

నేను చేరింది డెబ్బైల మధ్యలో. సంస్థ ప్రధాన కార్యాలయం నగరంలో ఉండేది. మదనపల్లెలో ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని చిన్న శాఖ పెట్టారు. ఈ ఊరి చల్లదనానికి టేపులు చెడిపోవని పెద్దల నమ్మకం. శాఖకు అధికారి వేదాచలం గారు. ఆయన కింద నేను. నాకు తోడు అటెండరు ఖాదర్ బాషా. బ్యాటరీల సంచి మోసేదీ, బస్సులో కిటికీ పక్క సీటు పట్టేదీ, పల్లెల్లో ముందుగా మాట కలిపేదీ అతనే.

మాకు అప్పగించిన పని ఈ మెట్ట ప్రాంతపు బావుల చరిత్ర. బావికి చరిత్ర ఏమిటని అప్పుడు నేనూ అనుకున్నాను. తాలూకా ఆఫీసుకు వెళితే ప్రతి బావికీ ఒక సర్వే నంబరు, ఎవరి పట్టా, ఎంత ఆయకట్టు, అన్నీ ఉంటాయి. ఆ బావి దగ్గర ఎవరు పాడారు, ఎవరు పోట్లాడుకున్నారు, ఎవరి పశువులు నీళ్లు తాగాయి అనేది మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. అది మనుషుల నోళ్లలో ఉంటుంది, వాళ్ల పనుల చప్పుళ్లలో ఉంటుంది. మేం పట్టుకురావాల్సింది దాన్ని.

అప్పటికి ఇటు తంబళ్లపల్లె నుంచి అటు కుప్పం దాకా కపిల బావులు ఇంకా అక్కడక్కడా నడుస్తున్నాయి. చూడనివాళ్ల కోసం చెబుతాను. లోతైన బావి మీద గిలక, గిలక మీదుగా మోకు, మోకు చివర పెద్ద ఇనుప బాన, బాన అడుగున తోలు తొండం. ఎద్దులు వాలు దారిలో దిగితే బాన పైకి వచ్చి, తొండంలో నుంచి నీళ్లు కాలవలో పడతాయి. ఎద్దులు వెనక్కి నడిచి గట్టెక్కితే బాన మళ్లీ బావిలోకి దిగుతుంది. తోలే మనిషి ఎద్దులు దిగేటప్పుడు మోకు మీద కూర్చుని పాడతాడు. కరెంటు మోటారు వచ్చిన పొలంలో మరుసటి రోజు నుంచి ఆ పాట ఉండదు. అందుకే మాకు తొందర.

పల్లెల్లో నాకు దొరికిన మొదటి మర్యాద ఏమిటంటే, మగవాళ్లు నన్ను చూసి పరుగెత్తడం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషుల్ని పట్టుకుపోతున్నారని అందరూ భయపడుతున్న రోజులు. చేతిసంచితో, చలువకళ్లద్దాలతో బస్సు దిగిన ఆడమనిషి ఇంకెవరై ఉంటుంది? నిమ్మనపల్లె దగ్గర ఒక ఊళ్లో "ఆపరేషనమ్మ వొచ్చిందిరో" అని ఒకాయన చెనక్కాయల చేలో పడి కనబడకుండా పోయాడు. ఖాదర్ వెంటబడి, "అప్పా, ఆయమ్మ నీ గొంతుకు తప్ప దేనికీ రాలేదు" అని అరిచాడు. ఆ మాటతో ఆయన ఇంకా వేగంగా పరిగెత్తాడు.

కళ్లద్దాలు తీసేశాను. ఊళ్లోకి వెళ్లగానే మెషీను తెరవకుండా, ముందు ఎవరింట్లోనైనా ఆడవాళ్లతో కూర్చుని చెనక్కాయలు ఒలవడం మొదలుపెట్టాను. ఎవరూ నేర్పలేదు, అవసరం నేర్పింది. గంటసేపు కాయలు ఒలిస్తే చాలు, ఊరి భయం పోయేది.

గదిలో పాడని మనిషి

వేదాచలం గారికి శుభ్రమైన పాట కావాలి. పాట వెనక కాకి అరిచినా ఆయన ముఖం మాడ్చుకునేవారు. పాడేవాళ్లను మదనపల్లెకు పిలిపించి గదిలో పాడించడం ఆయన పద్ధతి. మా పక్కింట్లో పట్టుమగ్గాలు ఉండేవి. వాళ్లను బతిమాలి ఒక పూట మగ్గం ఆపించి, కిటికీలకు దుప్పట్లు కట్టి, తంబళ్లపల్లె దారిలోని ఒక పల్లె నుంచి రెడ్డెప్ప అనే పెద్దాయనను పిలిపించాం. ఆ చుట్టుపక్కల కపిల పాటకు ఆయన పేరే చెప్పేవాళ్లు.

రెడ్డెప్ప తెల్లపంచె కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మైకు చూశాడు. దుప్పట్లు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచి మళ్లీ మూశాడు.

"రాలేదు తల్లీ" అన్నాడు.

"నిదానంగా గుర్తు తెచ్చుకోండి" అన్నారు వేదాచలం గారు.

"మతికి ఉండాది సామీ. మతికి ల్యాక గాదు. ఎద్దులు ల్యాకుండా పాట యాడ్నించి వస్తాది? ఆటి కాళ్లు పడితే గదా నా నోరు పడేది."

ఇంకో రెండుసార్లు ప్రయత్నించాడు. మాటలు వచ్చాయి, పాట రాలేదు. చివరికి ఆయనే నొచ్చుకుని, "మీరు మా బాయి కాడికే రాండి. ఈడ నన్ను కూర్సోబెట్టి మీరూ అవస్త పడతాండారు, నేనూ పడతాండాను" అన్నాడు.

బావి దగ్గర

వారం తిరక్కుండా నేనూ ఖాదరూ ఆ బావి దగ్గర ఉన్నాం. రెడ్డెప్పకు రెండు ఎద్దులు, ఒకటి బూడిదరంగు మైల, ఒకటి నల్లటి కర్రి. ఆయన మోకు మీద కూర్చుని కాళ్లాడించగానే గదిలో మూగబోయిన గొంతు బావి గోడలకు తగిలి లేచింది.

"మైలోడా మెల్లగా, కర్రోడా కలిసి రా,
మడి కడకు నీల్లు పోవాల, పొద్దు వాలక ముందర రా."

ప్రతి పాదం చివరా గిలక కీచుమంటుంది. బాన ఒరిగి నీళ్లు కుమ్మరిస్తుంది. ఎద్దులు వెనక్కి నడిచేటప్పుడు ఆయన పాట ఆపి వాటితో మాట్లాడతాడు, తిడతాడు, ముద్దు చేస్తాడు. ఆ తిట్టు దగ్గర ఆపి, మళ్లీ పాట దగ్గర తిప్పుదామా అని ఖాదర్ సైగ చేశాడు. వద్దన్నాను. తిట్టుకూ పాటకూ మధ్య గీత ఎక్కడుందో నాకు తెలియలేదు. చక్రాలను తిరగనిచ్చాను.

పొద్దు వాలే వేళకు మడి తడిసింది. అయినా ఆయన ఇంకో బాన ముంచాడు. అది కాలవలోకి కాకుండా పక్కనున్న రాతితొట్టిలోకి మళ్లించాడు.

"ఇది ఎవరికి పెద్దాయనా?" అని అడిగాను. టేపు తిరుగుతూనే ఉంది.

"గొర్లకు."

"మీ గొర్రెలా?"

"మాయి గాదు. మల్లప్ప వాల్లయి. ఆఖరి బాన వాల్లది తల్లీ. ఈ బాయి తవ్వేటప్పుడు మా అబ్బకు, మా నాయన వాల్ల నాయనకు, బండ అడ్డం పడింది. మనుసులు సాలలేదు. ఈ మల్లప్ప వాల్ల జేజినాయన, ఆయప్ప అన్నదమ్ములు వొచ్చి రాయి మోసినారు. ఆ పొద్దు మా అబ్బ మాట ఇచ్చినాడు. బాయిలో నీల్లుండే దాకా పొద్దుగూకే ముందర ఆఖరి బాన మీ గొర్లదే అని. మా నాయన ఇడిసినాడు, నేను ఇడస్తాండాను."

"ఎక్కడైనా రాసుకున్నారా?"

"రాసేదేముండాది? దినామూ ఇడస్తానే ఉండాం గదా."

అంతలో గట్టు మీదికి మల్లప్ప వచ్చాడు. నల్ల కంబళి, చేతిలో కర్ర. ఆయన వెనక భార్య నరసమ్మ. మల్లప్ప రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని "ఓ... హోయ్... త్రువ్వా, త్రువ్వా!" అని పిలిచాడు. ఆ పిలుపు అంత పొడుగ్గా సాగి చివర గిరుక్కున తిరుగుతుందని నేను అనుకోలేదు. గొర్రెలు గుంపుగా దిగి తొట్టి మీద పడ్డాయి. అవి నీళ్లు తాగే చప్పుడు, నరసమ్మ వాటిని అదిలించే చప్పుడు, ఎద్దుల మెడగంటలు, టేపు అయిపోయేదాకా అన్నీ ఎక్కాయి.

వేదాచలం గారి కత్తెర

మరునాడు ఆఫీసులో టేపు పెట్టగానే వేదాచలం గారు చెవులు మూసుకున్నారు.

"ఇది పాటా, సంతా?"

"బావి సార్."

"బావి నాకెందుకమ్మాయ్, పాట కావాలి. గిలక తీసెయ్, తిట్లు తీసెయ్, గొర్రెలు తీసెయ్."

నేను వాదించాను. గొర్రెలు తీసేస్తే ఈ పాట ఎక్కడిదో తెలియదన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ విషయంలో ఆయన చెప్పింది తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. చేసేవాళ్ల పని నుంచి పాటను విడదీసి, తోమి, తుడిచి దాచాలనుకోవడం మా తరంలో పెద్దలందరికీ ఉన్న జబ్బే.

కానీ ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. అసలు టేపు మీద కత్తెర పడకూడదు. కాపీ తీసి, ఆ కాపీలోనే కోసుకోవాలి. శుభ్రం చేసిన పాట నగరానికి వెళ్లింది. అసలు టేపు, గిలకతో, తిట్లతో, గొర్రెలతో సహా, రేకుపెట్టెలోకి వెళ్లింది. "నాకు నచ్చలేదని రేపు ఇంకొకడికి పనికిరాకుండా పోతుందా? అది నేను చెప్పగలనా?" అనేవారు.

కొన్నాళ్లకు నగరం నుంచి ఉత్తర్వు వచ్చింది. టేపుల కొరత ఉంది కాబట్టి అనవసరమైన వాటిని చెరిపి మళ్లీ వాడాలని. చాలా శాఖలు అలాగే చేశాయి. ఎన్ని గొంతులు అలా పోయాయో లెక్క లేదు. వేదాచలం గారు మాత్రం "మా దగ్గర అనవసరమైనవి లేవు" అని ఒక్క వాక్యం రాసి పంపించారు. అందుకు ఆయన పైవాళ్లతో మాట పడ్డారు. మాతో ఆ సంగతి అనలేదు.

కొత్తగా చేరిన పిల్లలకు నేను చెప్పేది ఇదే. మీ అధికారి అభిరుచి మీకు నచ్చకపోవచ్చు. ఆయన దేన్ని ముట్టుకోనివ్వడో అది చూడండి. దాన్ని బట్టి ఆయన దగ్గర పని చేయాలో వద్దో తేల్చుకోండి. నేను చేశాను. ఆ అదృష్టానికి ఇవాళ్టికీ దణ్ణం పెట్టుకుంటాను.

పుంగనూరులో, కుప్పంలో

పుంగనూరు దగ్గర ఒక ముసలాయన ఉండేవాడు. ఆ ఊరి పొట్టి ఆవుల్ని మేపుకునేవాడు. పాత కపిల పాటలెన్నో తెలిసినవాడని అందరూ చెప్పారు. మేం వెళితే సంగటి పెట్టాడు, చారు పోశాడు, చెట్టు కింద మంచం వాల్చాడు. మైకు తీయగానే తల అడ్డంగా ఊపాడు.

"పాడి ఇనిపిస్తాను. దాంట్లో పట్టొద్దు."

"ఎందుకప్పా?"

"నా గొంతు నాతోనే పోనీ తల్లీ. నేను పోయినాంక అది ఒక్కటే యాడాడో తిరగతాంటే నాకు బాగుండదు."

ఆయన మధ్యాహ్నం ఎండ చల్లబడేదాకా పాడాడు. మెషీను మూత తీయలేదు. ఖాదర్ తిరుగుబస్సులో, "మేడమ్, సంచిలో పెట్టి ఆన్ చేసుంటే ఆయనకేం తెలుస్తుంది?" అన్నాడు. తెలియదు. అందుకే చేయకూడదు. నేను విన్నవాటిలో అంత గొప్పగా పాడినవాళ్లు మరొకరు లేరు. ఆ పాటలు ఏ పెట్టెలోనూ లేవు. వద్దన్న మనిషిని వదిలిపెట్టి రావడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. అడిగి తెచ్చుకున్నవాటి విలువ దానివల్లే నిలుస్తుంది.

కుప్పం సంగతి వేరు. అక్కడ ఒకామె నాట్లపాట పాడింది. మొదలు తెలుగు, మధ్యలో తమిళం, తిట్టాల్సి వచ్చినచోట కన్నడం. నగరం వాళ్లు ఇచ్చిన చీటీలో "భాష" అని ఒక గడి ఉంది. దానిలో ఏం రాయాలని ఆమెనే అడిగాను.

"ఏం బాస ఏందమ్మా? మా అత్త పాడేది ఇట్లనే."

"మీ అత్తగారిది ఏ భాష?"

"ఎవురితో మాట్లాడితే వాల్లది."

వేదాచలం గారికి చెబితే చాలాసేపు నవ్వి, ఆ గడిలో "కుప్పం" అని రాయించారు. నగరం నుంచి వివరణ అడిగారు. ఈయన మళ్లీ "కుప్పం" అనే రాశారు.

రమణ వచ్చిన రోజు

రెడ్డెప్పను టేపులో పట్టిన రెండు మూడేళ్లకు అనుకుంటాను, ముప్ఫై ఏళ్లలోపు మనిషి ఒకతను మా మేడ మెట్లెక్కి వచ్చాడు. రెడ్డెప్ప కొడుకు రమణ. తండ్రి పోయి ఏడాది కావస్తోందని చెప్పాడు.

"మా నాయన గొంతు మీ కాడ ఉండాదంట గదక్కా. సమ్మచ్చరీకం నాటికి ఇంట్లో ఒక్కతూరి ఇనాలని మాయమ్మ అడగతాంది."

పెద్దాయన పోయినట్టు మాకు తెలియదు. ఊరి సంగతులు అడిగాను. కపిల తీసేసి బావికి మోటారు బిగించారు. వానలు సరిగ్గా లేవు, నీళ్లు తగ్గిపోయాయి. తండ్రి తర్వాత కొన్నాళ్లకే మల్లప్ప కూడా జ్వరంతో పోయాడు. ఆ తర్వాత బావిలో భాగస్తుడైన రమణ చిన్నాన్న గుర్రప్ప తొట్టి చుట్టూ కంప కొట్టించాడు.

"గొర్లోల్లతో రవంత తగాదా ఉండాదిలేక్కా" అన్నాడు రమణ, నా వైపు చూడకుండా. "నరసమ్మ ఒకటే అడగతాంది. మడికే నీల్లు సాలకుండా ఉంటే గొర్లకు యాడ్నించి తెచ్చేది? చిన్నాయనేమో, అది మనం దయదలిచి పోసిందే గానీ వాల్ల హక్కు గాదు అంటాండాడు. నాకూ తెల్దు."

టేపులో ఏముందో నాకు తెలుసు. లేచి లోపలి గదిలోకి వెళ్లి వేదాచలం గారికి చెప్పాను. పాట ఒక్కటే ఉన్న కాపీ ఇచ్చి పంపితే ఏ గొడవా ఉండదు. అసలు టేపు పెడితే ఆ ఇంట్లో, ఆ ఊళ్లో ఏమవుతుందో చెప్పలేం. చావు జరిగిన ఇల్లు.

ఆయన రాస్తున్న పెన్నుకు మూత పెట్టారు.

"ముందు ఆ అబ్బాయికి ఉన్నదున్నట్టు చెప్పు. పాట ఒక్కటే చాలంటే పాటే ఇద్దాం. అతని తండ్రి, అతని ఇష్టం. అంతా వింటానంటే అసలు టేపు తీసుకుపో. నీ అంతట నువ్వు ఏదీ దాచకు, ఏదీ బయట పెట్టకు."

బయటికి వచ్చి రమణ ఎదురుగా కూర్చున్నాను. "పాటతో పాటు మీ నాయన మాటలు కూడా ఉన్నాయి రమణా. గొర్రెల నీళ్ల సంగతి కూడా మాట్లాడాడు. పాట ఒక్కటే వినొచ్చు, మొత్తం వినొచ్చు. నువ్వు ఎట్లా చెబితే అట్లా" అన్నాను.

"ఏం సెప్పినాడు?" అని అడుగుతాడనుకున్నాను. ఇక్కడే వినిపిస్తానని కూడా అన్నాను.

"వద్దక్కా. ఈడ ఇంటే ఆడికి పొయ్యేలోగా నా మనసు మారిపోతాది. మొత్తం తీసుకోని రా. ఇంట్లో అందరితో ఇంటాను. నరసమ్మను గూడా పిలిపిస్తాను."

అతను మెట్లు దిగి వెళ్లేదాకా చూస్తూ నిలబడ్డాను. మాట వినకముందే ఆ మాటకు లోబడతానని ఒప్పుకుని వెళ్లిన మనిషి.

వాకిట్లో

సంవత్సరీకం భోజనాలు అయ్యాక, ఎండ వాలాక, వాకిట్లో బల్ల వేసి మెషీను పెట్టాను. పెద్దగా వినబడాలని లౌడుస్పీకరు డబ్బా కూడా తెచ్చాం. రెడ్డెప్ప భార్య సిద్ధమ్మ గడప మీద కూర్చుంది. గుర్రప్ప పీట వేసుకుని మెషీనుకు దగ్గరగా కూర్చున్నాడు. ఊరి జనం గోడ మీద, అరుగు మీద, చోటున్నచోటల్లా ఉన్నారు. నరసమ్మ లోపలికి రాలేదు. గొర్రెల్ని ఇంటికి తోలుకుపోతూ, వాకిలి బయట దారిలో మందతోనే నిలబడింది.

పాట మొదలైంది. మొదటి పాదానికే సిద్ధమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధ్యలో రెడ్డెప్ప దగ్గాడు. ఆ దగ్గుకు రమణ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఎద్దుల్ని తిట్టినప్పుడు మాత్రం వాకిలంతా ఏడుస్తూనే నవ్వింది. "అదీ మా మామ" అని ఎవరో అన్నారు.

పాట అయిపోయి, "ఇది ఎవరికి పెద్దాయనా?" అని నా గొంతు వినబడింది. గుర్రప్ప కదిలాడు.

"పాట ఐపాయ గదమ్మా. ఇంక ఆపు."

నా చెయ్యి మీట దగ్గరే ఉంది. రమణ వైపు చూశాను.

"ఆపొద్దక్కా. పోనీ" అన్నాడు రమణ.

రెడ్డెప్ప చెప్పుకుపోతున్నాడు. బండ అడ్డం పడటం, రాయి మోయడం, మాట ఇవ్వడం, ఇడస్తానే ఉండాం గదా అనడం.

గుర్రప్పే మొదట నోరు తెరిచాడు. "ఆ మాట ఇచ్చినోడూ ల్యాడు, తీసుకున్నోడూ ల్యాడు. ఇప్పుడు మనమేం సేసేది?"

సిద్ధమ్మ గడప మీద నుంచి లేవకుండానే జవాబు చెప్పింది. "ఇచ్చినోడు ల్యాకపోతే ఏమి గుర్రప్పా, ఇన్నోల్లం ఉండాం గదా. ఇప్పుడు ఊరంతా ఇన్నింది."

ఆయన ఏదో అనబోయాడు. అంతలో డబ్బాలో నుంచి మల్లప్ప గొంతు లేచింది. "ఓ... హోయ్... త్రువ్వా, త్రువ్వా!"

దారిలో నిలబడ్డ మంద ఒక్కసారిగా తలలెత్తింది. నరసమ్మ కర్ర అడ్డం పెట్టేలోగా ముందున్న ముసలి గొర్రె వాకిట్లోకి దూరింది, దాని వెనక మిగిలినవన్నీ. జనం కాళ్ల సందుల్లో నుంచి, అరుగుల పక్క నుంచి తోసుకుంటూ వచ్చి బల్ల చుట్టూ మూగాయి. గుర్రప్ప పీట ఒరిగిపోయి ఆయన నేల మీద కూర్చుండిపోయాడు. ఒక గొర్రె లౌడుస్పీకరు డబ్బాను మూతితో పొడిచి వాసన చూసింది. నేను బల్లను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను. టేపులో గొర్రెలు నీళ్లు తాగుతున్నాయి, వాకిట్లో గొర్రెలు అరుస్తున్నాయి.

రమణ లేచాడు. పంచె ఎగగట్టుకుని గొర్రెల మధ్య నుంచి బావి వైపు నడిచాడు. వెనకే కొంతమంది వెళ్లారు. కంప లాగేసిన చప్పుడు, కాసేపటికి మోటారు చప్పుడు వినబడ్డాయి. గుర్రప్ప బావి దగ్గరికి పోలేదు. అడ్డం కూడా రాలేదు. పంచె దులుపుకుని, "గొర్లను ఆడికి తోలుకోని పో నరసమ్మా, ఈడ తొక్కతాండాయి" అన్నాడు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. రోజూ మోటారు కట్టేసే ముందు తొట్టి నింపడం ఆ ఇంట్లో అలవాటయింది. ఎనభైలు సగం గడిచేసరికి ఆ బావి ఎండిపోయింది. రమణ బోరు వేయించాడు. బాయిలో నీల్లుండే దాకా అన్న మాట తీరిపోయింది కదా, ఇంకెందుకు అని ఎవరో అంటే, "బాయి అంటే నీల్లే గదా" అన్నాడట. బోరు గొట్టం నుంచి తొట్టికి ఒక పాయ తీశాడు. నేను ఈ మాట చెప్పేసరికి వేదాచలం గారు ఉద్యోగం విరమించి ఉన్నారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "గొర్రెలు తీసెయ్ అన్నాను కదమ్మాయ్ నేను" అన్నారు. "అసలు టేపు మాత్రం ముట్టుకోనివ్వలేదు కదా సార్" అన్నాను.

ఆ సాయంత్రం దగ్గరికే మళ్లీ వస్తాను. జనం బావి వైపు వెళ్లిపోయారు. ఖాదర్ తీగలు చుడుతున్నాడు. సిద్ధమ్మ లోపలికి వెళ్లింది. నేను మూత వేయబోతుంటే బల్ల పక్కన ఎవరో నిలబడినట్టు తోచి చూశాను. నరసమ్మ. మంద తొట్టి దగ్గర నీళ్లు తాగుతోంది, ఈమె ఒక్కతే వెనక్కి వచ్చింది. కర్ర గోడకు ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుని, బల్ల ముందు నేల మీద కూర్చుంది.

"ఆయప్ప పిలుపు ఇంకోతూరి పెట్టమ్మా" అంది. "ఇందాక గొర్లు ఇన్యాయి. ఇప్పుడు నేను ఇంటా."

టేపు వెనక్కి తిప్పాను.